ఓడవాళ్ల మతంలో మా పాప

నువ్వు దేవుణ్ణి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ సరిగా చెప్పలేను. శనివారం ఒక్కపొద్దు ఉంటాను. ఏడాదికోసారి ఆర్మూర్ గుట్ట ఎక్కి కొబ్బరికాయ కొట్టి వస్తాను. అది అలవాటో భక్తో ఎప్పుడూ ఆలోచించలేదు. కానీ మనసారా నమ్మిన మతం మాత్రం నాకు ఒకటుండేది. అది ఈ భూమి మీద లేదు. ఒక టీవీ సీరియల్‌లో ఉంది, ఆ సీరియల్‌లో భూమే లేదు. ఈ మాట చెబితే నవ్వుతారని తెలుసు, నవ్వండి. మొదట్లో నేనూ నవ్వాను.

నాకు ఏడో నెల నిండి ఎనిమిది పడ్డాక బీపీ పెరిగిపోయింది. నిజామాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయారు. మత్తు ఇచ్చారు. నేను కళ్లు తెరిచేసరికి పొట్ట లేదు, పక్కన ఉయ్యాల లేదు, కుర్చీలో మా అమ్మ ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "ఆడివిల్ల బిడ్డా. దక్కలే" అంది. అప్పటికే మా ఆయనా, మా మామగారి తమ్ముడూ కలిసి పాపను తీసుకుపోయారు. ఆ పెద్దమనిషిని మా ఆయన కాక అంటాడు, నేనూ కాక అనే అనేదాన్ని. ఇలాంటి పనులకు ఇంటింటా ఒకరుంటారు, మా ఇంటికి కాక.

మా వైపు పళ్లు రాని బిడ్డ పోతే కాల్చరు. ఉప్పు వేసి మట్టిలో పెడతారు. ఐదోరోజు లేదు, పదోరోజు లేదు, పిట్టకు ముద్ద పెట్టడం లేదు, ఫొటోకు దండ లేదు, అసలు ఫొటోయే లేదు. తల్లికి చూపించరు. ఎక్కడ పెట్టారో చెప్పరు. చెబితే తల్లి మనసు అక్కడే తిరుగుతుందట, కడుపు మళ్లీ పండదట. ఇంటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ నాకు ఒకటే చెప్పింది, మరిచిపొమ్మని. నేను తల ఊపాను. పాలకు మాత్రం ఎవరూ చెప్పలేదు మరిచిపొమ్మని. అవి వేళకు వచ్చి జాకెట్ తడిపేవి. ఆగడానికి గోళీలు వేసుకున్నాను, గుడ్డతో గట్టిగా బిగించి కట్టుకున్నాను, జ్వరం వచ్చింది.

నాకు రెండే రెండు తెలియాలి. పాపను ఎక్కడ పెట్టారు? పాప ఎలా ఉంది? ఈ రెండు తెలిస్తే చాలు, తరువాత మరిచిపోమంటే మరిచిపోతాను, లేదా కనీసం మరిచిపోయినట్టు ఉంటాను. మా ఆయనను అడిగితే, "గవన్నీ ఇప్పుడెందుకే" అని లేచి డీసీఎం వ్యాను టైర్లు చూసుకోవడానికి కిందికి పోయేవాడు. ఆయనది పసుపు, మక్కజొన్న ఊళ్లలోంచి మార్కెట్ యార్డుకు తోలే బండి. ఆ టైర్లు ఆ నెలలో చూసినంతగా ఎన్నడూ చూసి ఉండడు.

నవీపేట్‌లో మా అమ్మగారింట్లో మంచం మీద ఉన్నప్పుడు టీవీ ఒకటే దిక్కు. ఏ తెలుగు సీరియల్ పెట్టినా ఎవరికో ఒకరికి కడుపే. ఒకదానిలో సీమంతం, ఇంకొకదానిలో కడుపు వచ్చిందని అబద్ధం, మధ్యలో పిల్లల డైపర్ల అడ్వర్టైజ్‌మెంట్లు. తట్టుకోలేక చానల్ మారుస్తూ పోతే ఒకచోట చుక్కల మధ్య పోతున్న పెద్ద ఓడ కనిపించింది. ఏదో పరాయి దేశం సీరియల్, తెలుగులోకి మార్చారు. ఇందులో కాన్పులుండవులే అనుకుని అక్కడ ఆగాను.

ఆ ఓడలో ఉన్నవాళ్లెవరూ భూమిని చూడలేదు. వాళ్ల తాతలూ చూడలేదు. ఎక్కడికో పోతున్నారు, చేరేది వాళ్ల మనవల మనవలు. దుబాయ్ పోయినవాళ్లు రెండేళ్లకొకసారైనా ఇంటికొస్తారు, వీళ్ల బతుకులో అదీ లేదు అనుకున్నాను. ఇక వాళ్ల తెలుగు! యంత్రాల కింద దూరి నూనె కారుతూ పనిచేసేవాళ్లు కూడా రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడేవారు. "నేను మిక్కిలి అలసిపోయాను సోదరీ" అనేవాడు ఒకడు, మరమేకు తిప్పుతూ. అప్పుడే నేను నవ్వింది. దవాఖాన నుంచి వచ్చాక అదే మొదటిసారి.

వాళ్లకు ఒక మతం ఉంది. అందులో దేవుడు లేడు, గుడి లేదు. ఓడ పొడవునా ఒక నడవ ఉంటుంది. బిడ్డ పుట్టినప్పుడు తల్లి యంత్రం నుంచి రాలిన నీలం పొడిని అరచేతికి రాసుకుని ఆ నడవ గోడ మీద అచ్చు వేస్తుంది. అటూ ఇటూ పోయేవాళ్లు వేలితో ఆ అచ్చును తాకి, "నువ్వు వచ్చావు. మాలో ఒకరివి" అంటారు. అంతే మతం. అందులో ఎవరినీ ఏమీ కోరుకోరు.

ఒకరోజు కథలో యంత్రాల దగ్గర పనిచేసే ఒకామెకు బిడ్డ చచ్చి పుట్టింది. నేను రిమోట్ పట్టుకున్నాను, మార్చేద్దామని. మార్చలేదు. ఆమె కూడా నడవలోకి వచ్చింది. అదే గోడ, అదే పొడి, అదే వరస. వెనకాల జనం నిలబడ్డారు. ఎవరూ మరిచిపో అనలేదు. ఆమె అచ్చు వేసి పక్కకు తప్పుకుంటే, ఒక్కొక్కరే వచ్చి వేలితో తాకి ఆ మాటే అని పోయారు. గోడ మొత్తాన్ని కెమెరాలో చూపించారు. ఏ అచ్చు బతికిన బిడ్డదో, ఏది బతకని బిడ్డదో తెలియదు.

నేను వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి టీవీ బంద్ చేసింది. "గిసొంటియి సూడకు, పచ్చిబాలింతవు" అంది. నేను బాలింతనని ఇంట్లో ఎవరైనా ఒప్పుకున్నది ఆ ఒక్కసారే.

అది కల్పన అని నాకు తెలియదా? తెలుసు. ఎవరో పరాయి మనిషి, చల్లటి ఏసీ గదిలో కూర్చుని జీతానికి రాసిన ముక్క అది. మరి పళ్లు రాని బిడ్డకు కర్మ లేదని రాసినవాడు ఎవడు? వాడూ ఎక్కడో ఒకచోట కూర్చునే రాసి ఉంటాడు. వాడికి ఏసీ లేదు, అంతే తేడా. ఒకడు నా బిడ్డను మనిషి కిందికి లెక్కేయలేదు, ఒకడు వేశాడు. నేను వేసినవాడి వైపు పోయాను. ఇందులో నాకు ఇప్పటికీ తప్పేమీ కనిపించదు.

ఆర్మూర్ తిరిగి వచ్చాక, మేముండే పై పోర్షన్‌లో, పడకగది తలుపు లోపలివైపు అచ్చు వేద్దామనుకున్నాను. నీలం రంగు ముగ్గుల దుకాణంలో దొరుకుతుంది. పోయాను. దుకాణాయన "ఏం పండుగ చెల్లే?" అని అడిగేసరికి ఏం చెప్పాలో తెలియక ఉత్తచేతులతో వచ్చేశాను. ఇంట్లో డబ్బా నిండా పసుపు ఉంది. దొంకేశ్వర్‌లో మా అత్తమ్మ తన చేలో పండించి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పట్టించి పంపిన పసుపు. ఈ ఊళ్లో ఎవరికైనా చేతికి ముందు తగిలే పొడి అదే. కొంచెం తడిపి అరచేతికి రాసుకుని తలుపు మీద అద్దాను. అచ్చు బాగానే పడింది, చిటికెన వేలు మాత్రం కొంచెం జారింది. వేలితో తాకి, ఓడవాళ్ల తెలుగులోనే, ఆ మాట అన్నాను. ఆ రోజు మధ్యాహ్నం చాలా నెలల తరువాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

నేను విత్తనాలు, పురుగుమందుల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొడతాను. పొద్దున్నే పోయేముందు అచ్చును తాకేదాన్ని, వచ్చాక తాకేదాన్ని. మా ఆయన చూశాడు. సీరియల్ చూస్తుంటే పక్కన వచ్చి కూర్చునేవాడు. "మీ ఓడోళ్లు ఏమంటున్నరు? యాడిదాంక పోయిండ్రు?" అని ఆటపట్టించేవాడు. "డీజిల్ యాడ పోయించుకుంటరో మరి గంత దూరానికి" అనేవాడు. కొన్నాళ్లకు నేను ఒకటి గమనించాను. అచ్చులో బొటనవేలి మొదట్లో పసుపు అరిగి చెక్క కనిపిస్తోంది. నేను ఎప్పుడూ తాకేది మధ్యలో. బొటనవేలి దగ్గర తాకుతున్నది ఆయన. నేను స్నానానికి పోయినప్పుడు తాకి, బండి తాళాలు తీసుకుని దిగిపోతున్నాడు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా పెళ్లయ్యాక మేమిద్దరం అంత దగ్గరగా ఉన్నది ఆ రోజుల్లోనే అనిపిస్తుంది.

ఆ సుఖం ఎంతో కాలం లేదు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో, ఊరంతా ఆ వాసన పట్టి ఉన్నప్పుడు, అత్తమ్మ చెప్పకుండా వచ్చింది. సంచీ నిండా వంకాయలు, పచ్చిమిరపకాయలు తెచ్చింది. చీర మార్చుకుంటానని పడకగదిలోకి పోయి తలుపు వేసుకుంది. తలుపు వేస్తేనే అచ్చు కనిపిస్తుంది. కొంచెంసేపటికి తలుపు తీసి బయటికి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. వచ్చీ రావడంతోనే నా గడ్డం పట్టుకుంది.

"ఎన్నో నెల బిడ్డా? గింత మంచి ముచ్చట నాకు జెప్పకపోతివి!"

నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తలుపుకు పసుపు అంటే శుభం. చెయ్యి అద్దారంటే ఏదో మొక్కు మొక్కారు, కడుపు పండింది, బయటికి చెప్పకుండా లోపల దాచుకున్నారు. పసుపు పండించే మనిషికి ఇంకోలా ఎలా తోస్తుంది? నేను నోరు తెరిచేలోపే ఆమె ఫోన్ తీసి మామయ్యకు చేసింది. "ఓ... ఇంటున్నవా? నీ కోడలు నీళ్లువోసుకుంది" అని అరిచింది. ఫోన్లో ఆయన నవ్వు నాకు కూడా వినిపించింది. అత్తమ్మ దేవుడి పటాల దగ్గరికి పోయి దండం పెట్టుకుంది. అప్పుడు చెప్పాను. ఇంకా మెత్తగా చెప్పి ఉండొచ్చు, కానీ ఆ నవ్వు విన్నాక నాకు మెత్తదనం మిగల్లేదు.

"అత్తమ్మా, నాకు కడుపు లేదు. గా చెయ్యి పోయిన మన పాప గుర్తు."

ఆమె మొహం చూడలేకపోయాను. "పోయినదానికి పసుపు పెడ్తవా?" అంది, మెల్లగా. తరువాత గట్టిగా. "పోయినదానికి పసుపా? ఎవ్వరు నేర్పిండ్రే నీకు?" టీవీ అని చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు పిచ్చి పట్టిందని ఎక్కడో చూపించడానికి తీసుకుపోయేది. ఆమె బాత్రూంలోకి పోయి బకెట్, బట్టల సబ్బు, పీచు తెచ్చి తలుపు తోమడం మొదలుపెట్టింది. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఈ ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలుసు. ఆ నిమిషంలో ఆమెకు గుర్తు లేదు. తలుపు మీది చెయ్యి ఎర్రగా తేలింది. తోమినకొద్దీ ఇంకా ఎర్రబడి, వేళ్ల సందుల్లోంచి చెక్క మీదుగా కిందికి కారింది.

ఆమె పీచు వదిలేసి ఆ తడిలోనే కూలబడింది. నేను పోయి లేపబోతే చెయ్యి విదిలించింది.

"నాకు పోలేదా? మీ ఆయనకు ముందు ఒకడు పోయిండు. మొగపిలగాడు. యాడ వెట్టిండ్రో నాకు తెల్వది. నేనడిగిన్నా ఎవ్వరినన్న? ఒక్కనాడన్న అడిగిన్నా? నువ్వెందుకు అడుగుతవే మరి?"

ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి అడగకుండా ఉంది, అదే తన గొప్పతనం అనుకుంటోంది. నాకు ఆమె మీద జాలి కలగలేదు. కోపం వచ్చింది, ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియదు. మామయ్యకు మళ్లీ ఫోన్ చేసి కాదని చెప్పమన్నాను. "నువ్వే జెప్పు" అని సంచీ తీసుకుని దొంకేశ్వర్ బస్సెక్కింది. నేనే చెప్పాను. ఆయన "మంచిది తల్లీ" అన్నారు, ఇంకేం అనాలో తెలియక.

తలుపు మీద ఎరుపు ఆరాక గోధుమరంగు మరకగా నిలిచింది. నేను దానినే తాకేదాన్ని. ఆయనా తాకేవాడని అనుకుంటాను. మరకలో అరుగుదల తెలియదు, అందుకే ఖాయంగా చెప్పలేను.

సీరియల్ రెండో సీజన్ వచ్చింది. ఇద్దరం కూర్చుని చూశాం. సగం దాటాక ఓడలో ఒక మూసిపెట్టిన గదిని తెరుస్తారు. అందులో ఎప్పుడో పోయిన మొదటి కెప్టెన్ గొంతు ఉంటుంది, రికార్డు చేసి దాచిపెట్టిన మాటలు. ఓడలో తిండి అందరికీ సరిపోదు. పుట్టే బిడ్డలను తగ్గించాలి. తెలిస్తే జనం తిరగబడతారు. అందుకని తాగే నీళ్లలోనే మందు కలిపి కొంతమంది బిడ్డలను ఇప్పటిదాకా కడుపులోనే చంపుతూ వచ్చారు. ఆ తల్లులు ఊరుకోవాలంటే ఏడవడానికి ఒక చోటు ఉండాలి కదా. నడవ, నీలం పొడి, ఆ మాట, అన్నీ ఆ కెప్టెన్ ఒక పూట కూర్చుని తయారుచేసినవి. చావులను కప్పెట్టడానికి పెట్టిన మతం అది. యంత్రాల దగ్గర పనిచేసే ఆమె ఇదంతా విని నడవలోకి పోయి, తడిగుడ్డతో తన అచ్చును తానే తుడిచేసుకుంది.

నేను టీవీ ముందు కూర్చుని ఏడుస్తుంటే మా ఆయన కంగారుపడ్డాడు. "సీరియలే కదనే" అన్నాడు. నిజమే. మొత్తం కల్పన అని మొదటినుంచీ తెలుసు. కల్పనలో కూడా అది అబద్ధమని తేలితే నాకెందుకు? ఈ ప్రశ్న ఆ తరువాత చాలాసార్లు వేసుకున్నాను. నాకు తోచింది ఒకటే. కల్పన అయితేనేం, అందులోనైనా ఒకచోట నా బిడ్డను నిజంగా మనిషి అన్నారు అనుకున్నాను. అది రాసినవాళ్లకే దాని మీద నమ్మకం లేదు. కథ మలుపు తిరగాలి కాబట్టి దాన్ని బురద చేసి పారేశారు. వాళ్లను అనడానికి లేదు, వాళ్లకు నేనున్నట్టు తెలియదు. మనవాళ్ల మతంలో చోటు లేక అక్కడికి పోతే, అక్కడా తలుపు వేసేశారు. మరుసటి రోజు నుంచి మరకను తాకబుద్ధి కాలేదు. ఊరికే చెక్కలా ఉంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటుంటే చెప్పాను. "నాకు జాగ సూపియ్యి. ఇగ అడగ. ఒక్కసారి సూపియ్యి." ఈసారి టైర్లు చూడ్డానికి పోలేదు. అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కుని బండి తాళాలు కాదు, మోటార్ సైకిల్ తాళం తీశాడు.

దొంకేశ్వర్ దారిలో కొంతదూరం పోయాక పక్కకు తిప్పాడు. నాకు పొలంగట్టో, పొదలో, రాళ్లకుప్పో ఉంటుందనిపించింది. అక్కడ ప్లాట్లున్నాయి. నేలంతా జేసీబీతో చదును చేసి, ఎర్రమట్టి పోసి, తెల్లరంగు వేసిన రాళ్లు వరసగా పాతారు. కమాను కట్టి ఏదో పేరు రాశారు. మా ఆయన బండి స్టాండ్ వేసి, ఆ రాళ్ల మధ్య నడవడం మొదలుపెట్టాడు. "గీడనే" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి రోడ్డును చూశాడు. "కాదు, గాడ. గప్పుడు గీడ తుమ్మలుండె." మళ్లీ ఇంకోవైపు పోయాడు. ఎండలో చొక్కా తడిసిపోయింది. నేను వెనకాల తిరిగాను. చివరికి ఒకచోట నిలబడిపోయాడు.

"నాకు తెల్వదే," అన్నాడు. "నేను లోపలికి పోలే. ఆటో కాడనే నిలవడ్డ. కాక ఒక్కడే పట్టుకపోయిండు. నువ్వు రాకురా అన్నడు."

కాకను అడగడానికి లేదు. పోయిన వానకాలంలోనే ఆయన గుండె ఆగి చనిపోయాడు. ఆయనకు పదకొండో రోజు దాకా అన్నీ జరిగాయి, ఊరంతా తిని పోయింది.

జాగ పోతే పోయింది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, ఆ మనిషి ఎండలో అలా నిలబడి ఉంటే. ఇంకొకటి మిగిలింది కదా, అది మట్టిలో పోయేది కాదు. దగ్గరికి పోయి, ఇన్నాళ్లూ సగంలో ఆపేసిన ప్రశ్న మొత్తం అడిగాను.

"పోనీ తియ్యి. పాప ఎట్లుండె? ఎవలి పోలిక?"

ఆయన నా వైపు చూశాడు. అర్థం కానట్టు చూశాడు.

"నేను సూడలే. బట్టల సుట్టి కాక చేతులకిచ్చిండ్రు. మొకం గప్పి ఉండె," అన్నాడు. "నువ్వు సూసినవనుకున్న. కండ్ల ముంగట వెట్టుకొని బాధవడుతున్నవనే నిన్నేం అడగలే."

నేను మత్తులో ఉన్నానని ఆయనకు చెప్పాను. అది ఆయనకు తెలుసు, కానీ ఒక్కసారైనా చూపించి ఉంటారని అనుకున్నాడట. కాక బట్ట తొలగించి చూసి ఉంటాడా అంటే, చూసే మనిషి కాదన్నాడు. మా అమ్మనూ బయటే నిలబెట్టారు. అంటే మా పాప మొహాన్ని ఎవరైనా సరిగా చూసి ఉంటే, ఆ రోజు కాన్పుగదిలో పాపను తుడిచి బట్టలో చుట్టిన ఆయా ఒక్కతే. ఆమె పేరు మాకు తెలియదు. ఆమెకు రోజూ ఎన్నో కాన్పులు, ఆ మొహం ఆమెకూ గుర్తుండదు.